అడిగిన నాటికీ అందిన నాటికీ మధ్య: ఉక్రెయిన్‌కు సైనిక సహాయంపై ప్రసంగ పాఠం

సభాధ్యక్షులకు, గ్రంథాలయ నిర్వాహకులైన మిత్రులకు, ఈ సాయంత్రం పనులు మానుకొని వచ్చిన మీ అందరికీ నమస్కారం.

పొరుగు రాజ్యం దండెత్తి వచ్చినప్పుడు ఎదిరించి నిలబడ్డ దేశానికి మూడో దేశం ఆయుధాలు ఇవ్వవచ్చునా, ఇస్తే ఏ ఉద్దేశంతో, ఏ షరతులమీద ఇవ్వాలి అన్న విషయం నాకు అప్పగించారు. దీనిని ఉక్రెయిన్ పేరు లేకుండా చర్చించడం నాకు చేతకాదు. 2022 మార్చిలో, ఖార్కివ్‌కు వైద్యవిద్య కోసం వెళ్ళిన మా ఊరి అమ్మాయి ఒకతె మెట్రో స్టేషన్‌లో ఐదు రాత్రులు గడిపి, రైళ్ళలో నిలబడి ప్రయాణం చేసి, పోలండ్ సరిహద్దు దాటి ఇల్లు చేరింది. ఆమె తండ్రి నా దగ్గర చదువుకున్నవాడు. చూడడానికి వెళ్ళిన నన్ను ఆ అమ్మాయి, "మాస్టారూ, ఐక్యరాజ్య సమితిలో మనవాళ్ళు ఓటెందుకు వెయ్యలేదు?" అని అడిగింది. అక్కడ చిక్కుకున్న మీ అందరినీ ముందు ఇంటికి తెచ్చుకోవాలి కదమ్మా అన్నాను. ఆమె తల ఊపింది గాని, ఆ జవాబు ఆమెకు చాలలేదని నాకు తెలుసు. నాకూ చాలలేదు. అప్పటినుంచి నేను చదివినదీ ఆలోచించినదీ ఇవాళ మీ ముందు పెడుతున్నాను.

ముందు న్యాయం సంగతి. ఐక్యరాజ్య సమితి నియమావళిలోని రెండవ అధికరణం మరొక దేశపు ప్రాదేశిక సమగ్రతమీద బలప్రయోగాన్ని నిషేధిస్తుంది. యాభై ఒకటవ అధికరణం దాడికి గురైన దేశానికి ఆత్మరక్షణ హక్కు సహజంగా ఉన్నదని చెబుతూ, ఆ హక్కును ఒంటరిగానే గాక ఇతరులతో కలిసి కూడా వినియోగించుకోవచ్చునని అంటుంది. 2022 మార్చి 2న సర్వసభ్య సమావేశంలో 141 దేశాలు రష్యా చర్యను దురాక్రమణగా ఖండించాయి. రష్యాతో కలిపి అయిదు దేశాలు మాత్రమే వ్యతిరేకించాయి. 35 దేశాలు ఓటింగుకు దూరంగా ఉన్నాయి, వాటిలో మనమూ ఉన్నాం. కాబట్టి ఎవరు ఎవరిమీదికి వెళ్ళారన్న ప్రశ్నమీద వివాదానికి చోటు లేదు. యుద్ధానికి దారితీసిన కారణాలమీద, అమెరికా, ఐరోపా దేశాల సైనిక కూటమి అయిన నాటో విస్తరణమీద, 2008లో బుకారెస్ట్‌లో ఉక్రెయిన్‌కు చేసిన సభ్యత్వ వాగ్దానంమీద ఎన్ని వాదాలైనా చేయవచ్చు. వాటిలో కొన్ని బలమైనవే. కాని కారణం వేరు, సమర్థన వేరు. గట్టు తగాదాలో పొరుగువాడి ఫిర్యాదు నిజమే కావచ్చు. అంతమాత్రాన అతను ఇంట్లో జొరబడడం హక్కు అయిపోదు.

ఆయుధాలు ఇచ్చే దేశం తటస్థతను కోల్పోదా అని అడిగేవారున్నారు. 1907 నాటి హేగ్ ఒప్పందాల కాలంలో ఆ మాటకు పూర్తి బలం ఉండేది. తటస్థ రాజ్యం ఏ పక్షానికీ యుద్ధ సామగ్రి సరఫరా చేయరాదు. ఆ పద్ధతిలో సమానత్వం కనిపిస్తుంది గాని ఆచరణలో అది ఎలా పనిచేస్తుందో 1935లో ఇథియోపియా అనుభవించింది. ఇటలీ దండెత్తినప్పుడు అమెరికా తన తటస్థతా చట్టం ప్రకారం రెండు పక్షాలకూ ఆయుధాలు నిషేధించింది. ఇటలీకి సొంత కర్మాగారాలు ఉన్నాయి, ఇథియోపియాకు లేవు. మరుసటి ఏడు మే నెలలో అడిస్ అబాబా ఇటలీ సేనల చేతికి చిక్కింది. ఇద్దరికీ ఇవ్వకపోవడమంటే ఉన్నవాడి పక్షాన నిలబడడమే అయింది. ఈ కాలంలో కూడా స్విట్జర్లాండ్ ఆ పాత నియమానికి కట్టుబడి, జర్మనీ దగ్గరున్న స్విస్ తయారీ గుండ్లను ఉక్రెయిన్‌కు పంపడానికి అనుమతి నిరాకరించింది. అవి గెపార్డ్ అనే విమాన విధ్వంసక ఫిరంగులకు వాడేవి, అంటే ఊళ్ళమీద పడే డ్రోన్లను కూల్చేవి. చివరికి జర్మనీ ఆ గుండ్ల తయారీని తన గడ్డమీదే మొదలుపెట్టుకోవలసి వచ్చింది.

ఇప్పుడు అభ్యంతరాల సంగతి. సహాయాన్ని వ్యతిరేకించేవారంతా రష్యా మనుషులని తోసివేసే అలవాటు నాకు లేదు. వారి మాటల్లో రెండు నన్ను చాలాకాలం నిద్రపోనివ్వలేదు.

మొదటిది అణుయుద్ధ భయం. హైమార్స్ రాకెట్లు పంపితే గీత దాటినట్టే అన్నారు, తర్వాత ట్యాంకులన్నారు, ఎఫ్-16 విమానాలన్నారు, రష్యా గడ్డమీదికి కొట్టగల దూరశ్రేణి క్షిపణులన్నారు. 2024 నవంబరులో ఆ చివరి అనుమతి ఇచ్చిన రోజుల్లోనే రష్యా తన అణు విధాన పత్రాన్ని కూడా సవరించింది. ఒక్కొక్క గీత దాటినా ఆ పెను ఉపద్రవం జరగలేదు. కాని ఇంతవరకు జరగలేదు కాబట్టి ఇకముందూ జరగదని వాదించేవారితో నేను ఏకీభవించలేను. అణ్వాయుధాల విషయంలో పొరపాటు ఒక్కసారి చాలు. అయినా ఈ భయాన్ని దాని చివరిదాకా తీసుకువెళ్ళి చూడండి. అణ్వాయుధం ఉన్న దేశం, అది లేని పొరుగు దేశంలోకి ప్రవేశిస్తే ఎవరూ వేలెత్తకూడదన్నది సూత్రం అయితే, అది లేని ప్రతి దేశం నేర్చుకునే పాఠం ఏమిటి? ఉక్రెయిన్ స్వయంగా 1994 డిసెంబరు 5న బుడాపెస్ట్‌లో సంతకం చేసి, సోవియట్ కాలం నుంచి తన భూమిమీద మిగిలిన సుమారు 1,900 వ్యూహాత్మక అణు వార్‌హెడ్లను వదులుకుంది. వాటిని ప్రయోగించే మీటలు మాస్కో చేతిలోనే ఉండేవన్నది నిజం. ఆ పత్రంలో అమెరికా, బ్రిటన్, రష్యా ఇచ్చింది రక్షణ హామీ కాదు, సరిహద్దులను గౌరవిస్తామన్న భరోసా మాత్రమే అన్నదీ నిజం. అయినా ఆ భరోసా ఇచ్చినవారిలో ఒకరు 2014లో క్రిమియాను కలుపుకొని, 2022లో రాజధాని కీవ్ మీదికి వస్తే, మిగిలిన ఇద్దరికీ ఏ బాధ్యతా లేదనడం నాకు సబబుగా తోచదు.

రెండో అభ్యంతరం ఇంకా బరువైనది. ఆయుధాలు ఇచ్చేవారు తమ బిడ్డల్ని పంపరు, ఉక్రెయిన్ బిడ్డలు చనిపోతారు, సహాయం వల్ల యుద్ధం సాగుతుంది తప్ప ఆగదు అని అంటారు. పోరాడాలా లొంగాలా అన్నది ఆ ప్రజల నిర్ణయం అని దీనికి సాధారణంగా జవాబు చెబుతారు. నేనూ కొంతకాలం ఆ జవాబుతోనే సరిపెట్టుకున్నాను. కాని పద్ధెనిమిది నుంచి అరవై ఏళ్ళ మగవారు దేశం విడిచి వెళ్ళరాదని 2022లోనే ఆంక్ష వచ్చింది. 2024 ఏప్రిల్‌లో నిర్బంధ సైనిక సేవ వయసును 27 నుంచి 25కు తగ్గించారు. సైనిక శాసనం కింద ఎన్నికలు వాయిదా పడ్డాయి. ఇన్ని నిర్బంధాల నడుమ 'ప్రజల నిర్ణయం' అన్నది అంత తేలికైన మాట కాదు; కొడుకును దాచుకోవాలని చూసే తల్లి కూడా ఆ ప్రజల్లోనే ఉంది. ఆమెను మరచి సహాయాన్ని సమర్థించడం సులభం, కాని న్యాయం కాదు.

మరి నేనెందుకు సమర్థిస్తున్నాను? ఆయుధం ఇవ్వకపోతే చావులు ఆగుతాయన్న ఊహ బుచాలో నిలబడలేదు కనుక. 2022 మార్చి చివర కీవ్ శివార్ల నుంచి రష్యా సేనలు వెనక్కి వెళ్ళాక, ఆ పట్టణంలో నాలుగు వందలకు పైగా శవాలు దొరికాయి. చాలామంది యుద్ధంలో పాల్గొన్నవారు కారు. ఆక్రమణ ముగిసిన చోట దొరికిన శవాలవి, పోరాటం ఆగని చోటివి కావు. 2023 మార్చి 17న అంతర్జాతీయ నేర న్యాయస్థానం రష్యా అధ్యక్షుడిమీద అరెస్టు వారంటు జారీ చేసింది. ఆరోపణ ఏమిటంటే, ఆక్రమిత ప్రాంతాల నుంచి పిల్లల్ని చట్టవిరుద్ధంగా తరలించుకుపోవడం. లొంగుబాటుకు కూడా ఒక ధర ఉంటుంది, దాన్ని చెల్లించేది కూడా ఆ తల్లే. ఈ రెండు ధరల మధ్య ఎంపిక ఆమెకు దూరంగా ఉన్న మనం చేయలేం. కాని ఆమె దేశం ఎదిరించడానికి సిద్ధపడినప్పుడు చేతులు కట్టివేయకుండా ఉండడం మన చేతిలో ఉంది.

డబ్బు, అవినీతి గురించిన అభ్యంతరాలను క్లుప్తంగా చెబుతాను. సైనికుల భోజనానికి కోడిగుడ్డు ఒక్కొక్కటి 17 హ్రివ్నియాల (ఉక్రెయిన్ కరెన్సీ) చొప్పున కొన్నట్టు ఒప్పందం బయటపడి 2023లో అలజడి రేగింది; ఆ ఏడాది సెప్టెంబరులో రక్షణ మంత్రి రెజ్నికోవ్ పదవి పోయింది. 2025 జూలైలో అవినీతి నిరోధక సంస్థల స్వతంత్రతను కత్తిరించే చట్టం తెస్తే, బాంబులు పడుతున్న నగరాల్లోనే యువత వీధుల్లోకి వచ్చింది. ఆ నెల ముగిసేలోగా ప్రభుత్వం దాన్ని వెనక్కి తీసుకోవలసి వచ్చింది. దొంగతనం ఉంది, దొంగను పట్టే జనమూ ఉన్నారు. సహాయానికి లెక్క అడగడం ఆ జనానికి బలమే తప్ప ద్రోహం కాదు. ఇక, ఆ డబ్బులో చాలా భాగం అమెరికా కర్మాగారాల్లోనే ఖర్చవుతుంది గనుక సహాయం లాభదాయకం అనే వాదం కూడా వినిపించింది. అది లెక్కకు నిజమే గాని, ఒక దేశం చావుబతుకుల్లో ఉన్నప్పుడు ఆ మాటతో సహాయాన్ని సమర్థించడం నా మనస్సు ఒప్పదు.

ఏ ఆయుధమైనా ఇవ్వవచ్చునా అంటే, ఇవ్వకూడనివి ఉన్నాయి. 2023 జూలైలో అమెరికా క్లస్టర్ బాంబులు పంపింది. ఒక గుండు విచ్చుకొని పదులకొద్దీ చిన్న బాంబులు చల్లుతుంది. వాటిలో పేలనివి పొలాల్లో ఉండిపోతాయి. 2008 నాటి ఒప్పందం ద్వారా వందకు పైగా దేశాలు వాటిని నిషేధించుకున్నాయి; అమెరికా, రష్యా, ఉక్రెయిన్ మూడూ అందులో లేవు. రష్యా అప్పటికే విరివిగా వాడుతున్నదన్నది వాస్తవం. అయినా నాగలి పట్టే రైతు కాలికిందో, ఆడుకునే పిల్లవాడి చేతిలోనో ఏళ్ళ తర్వాత పేలే వస్తువును, అతని దేశాన్ని రక్షించడానికి అనే పేరుతో పంపడం తప్పు అని నా అభిప్రాయం. పైగా, ఆ తప్పు వెనుక ఇంకో తప్పు ఉంది. మామూలు ఫిరంగి గుండ్లు చాలినన్ని తయారు కానందువల్లనే వాటిని పంపవలసి వచ్చిందని అమెరికా అధ్యక్షుడే ఒప్పుకున్నారు. యుద్ధానికి ముందు అమెరికాలో 155 మిల్లీమీటర్ల గుండ్ల తయారీ నెలకు సుమారు 14 వేలు. 2024 మార్చిలోగా పది లక్షల గుండ్లు ఇస్తామన్న ఐరోపా సమాఖ్య ఆ గడువుకు సగం దాకానే ఇవ్వగలిగింది. ఇల్లు కాలుతున్నప్పుడు బావి తవ్వడమంటే ఇదే.

ఇక్కడికి వచ్చాను గనుక, నేను ముఖ్యంగా చెప్పదలచినది చెబుతాను. ఇవ్వాలి, ఇవ్వరాదు అనే రెండు వాదాలూ గౌరవించదగినవే. గౌరవించలేనిది మూడోది: ఇస్తామని చెప్పి, ఎదుటివాడు సిద్ధపడేంతవరకు ఆగి, అప్పుడు కొద్దికొద్దిగా ఇవ్వడం. 2022 జూన్‌లో హైమార్స్ అందాయి. సెప్టెంబరులో ఖార్కివ్ ప్రాంతం విముక్తమైంది, నవంబరు 11న ఉక్రెయిన్ సేనలు ఖెర్సన్ నగరంలో అడుగుపెట్టాయి. అప్పుడు రష్యా సేన చెదిరి ఉంది. ట్యాంకులు కావాలని కీవ్ ఆ ఏడాది మార్చి నుంచే అడుగుతోంది. జర్మనీ లెపర్డ్‌లకు, అమెరికా 31 ఎబ్రామ్స్‌లకు ఒప్పుకున్నది 2023 జనవరి 25న. ఎదురుదాడి మొదలైనది జూన్‌లో. ఈలోగా రష్యా దక్షిణాన వరుసలు వరుసలుగా కందకాలు తవ్వి, మందుపాతరలు పరిచింది. ఎదురుదాడి వాటిమధ్యే కూరుకుపోయింది. నవంబరుకు సేనాధిపతి జలుజ్నీయే యుద్ధం ప్రతిష్టంభనలో పడిందన్నారు. ఎఫ్-16లు ఉక్రెయిన్ ఆకాశంలో కనబడినది 2024 ఆగస్టులో. ఆలస్యానికి శిక్షణ, నిల్వల కొరత వంటి నిజమైన కారణాలు కొన్ని ఉన్నాయని ఒప్పుకుంటాను. కాని ప్రతి ఆయుధమూ మొదట అసాధ్యం అనిపించుకొని, ఏడాది తర్వాత సాధ్యమైంది. ఆ ఏడాదిలో మారినది ఆయుధం కాదు, ఇచ్చేవారి మనస్సు.

అమెరికా చట్టసభలో జరిగిన చర్చ దీనికి పరాకాష్ఠ. 2023 అక్టోబరులో అధ్యక్షుడు బైడెన్ నిధులు కోరారు. ప్రతినిధుల సభలో ఓటు పడినది 2024 ఏప్రిల్ 20న. ఉక్రెయిన్‌కు సుమారు 6,100 కోట్ల డాలర్లు. అనుకూలంగా 311, వ్యతిరేకంగా 112. ఆ 112 మందీ స్పీకరు మైక్ జాన్సన్ సొంత పార్టీవారే. ఆ పార్టీలో అనుకూలురు 101 మంది. పదవి పోయే ప్రమాదం తెచ్చుకొని ఆయన బిల్లును సభ ముందుకు తెచ్చారు, అందుకు ఆయనను మెచ్చుకోవాలి. కాని ఆ ఆరు నెలల్లో ఉక్రెయిన్ ఫిరంగి దళాలు గుండ్లు లెక్కపెట్టుకొని పేల్చాయి. ఫిబ్రవరి 17న తూర్పున ఉన్న అవ్‌దీవ్‌కా పట్టణాన్ని వదులుకోవలసి వచ్చింది, దానికి గుండ్ల కొరత ఒక ముఖ్య కారణం. చట్టసభ చర్చించడం దాని ధర్మం. అక్కడ చర్చించవలసినది సహాయం ఏ ఫలితం కోసం అన్న ప్రశ్న. జరిగినది మెక్సికో సరిహద్దు వలసల బిల్లుతో దీన్ని ముడివేసే బేరం. 'ఎంతకాలం అవసరమైతే అంతకాలం' అని బైడెన్ ప్రభుత్వం పదేపదే చెప్పేది. ఆ మాటలో కాలం ఉంది, లక్ష్యం లేదు.

మనదేశంలో ఈ విషయం మాట్లాడేటప్పుడు మనం మరిచే సంవత్సరం ఒకటి ఉంది. 1962లో నాకు పదేళ్ళు. జాతీయ రక్షణ నిధికి మా అమ్మ తన చేతి గాజు ఒకటి తీసి ఇవ్వడం చూశాను. అక్టోబరు 20న చైనా దాడి మొదలైంది. అలీన విధానానికి ప్రపంచంలో పెద్ద దిక్కుగా ఉన్న నెహ్రూ, ఆ నెల ముగియకముందే అమెరికాను ఆయుధాలు అడిగారు; నవంబరు మొదట్లోనే విమానాల్లో సామగ్రి రావడం మొదలైంది. అదే నెల 19న, ఇప్పటి అరుణాచల్‌లోని బొమ్‌డిలా పోయిన తర్వాత, ఆయన అధ్యక్షుడు కెనడీకి ఒకే రోజు రెండు ఉత్తరాలు రాశారు. పన్నెండు దళాల సూపర్‌సోనిక్ యుద్ధ విమానాలు, వాటిని నడిపే అమెరికా సిబ్బందితో సహా కావాలని అడిగారు. ఆ ఉత్తరాల పూర్తి పాఠం దశాబ్దాల పాటు ఈ దేశ ప్రజలకు తెలియలేదు. 21న చైనా తానుగా కాల్పుల విరమణ ప్రకటించింది గనుక ఆ అభ్యర్థనకు జవాబు చెప్పే అవసరం రాలేదు. నెహ్రూను నిందించడానికి ఇది చెప్పడం లేదు. ఏ సిద్ధాంతం నమ్మిన మనిషైనా, శత్రువు మైదానంలోకి దిగివస్తున్నప్పుడు అడగవలసిందే అడిగారు. ఆయన స్థానంలో ఉన్నవారెవరైనా అలాగే అడగాలని కూడా నేను కోరుకుంటాను.

అడిగినప్పుడు ఏమైందో కూడా చూడాలి. ఆయుధాల వెనుకే అమెరికా దూత హారిమన్, బ్రిటన్ మంత్రి డంకన్ శాండ్స్ ఢిల్లీ వచ్చారు. కశ్మీరుమీద పాకిస్తాన్‌తో మాట్లాడాలని ఒత్తిడి తెచ్చారు. మన మంత్రి స్వరణ్ సింగ్, పాకిస్తాన్ మంత్రి భుట్టో మధ్య 1962 డిసెంబరు నుంచి 1963 మే వరకు ఆరు విడతల చర్చలు జరిగి ఫలితం లేకుండా ముగిశాయి. అమెరికా, బ్రిటన్ కలిసి బహామాస్ దీవుల్లోని నసావులో అంగీకరించిన అత్యవసర సైనిక సహాయం 12 కోట్ల డాలర్లు. గాయం కట్టించుకోవడానికి చెయ్యి చాచినవాడి ముందు ఇంకో కాగితం పెట్టి సంతకం అడగడం అంటే ఏమిటో మనకు అనుభవం ఉంది. అందుకే 2025 మార్చి మొదట్లో, శ్వేతసౌధంలో ఉక్రెయిన్ అధ్యక్షుడు జెలెన్‌స్కీతో వాగ్వాదం జరిగిన కొద్ది రోజులకే అమెరికా సహాయాన్నీ, నిఘా సమాచారాన్నీ ఆపివేసి, కాల్పుల విరమణ ప్రతిపాదనకు ఉక్రెయిన్ ఒప్పుకున్న తర్వాత 11న తిరిగి మొదలుపెట్టినప్పుడు, ఏప్రిల్ 30న ఖనిజ సంపదలమీద ఒప్పందం చేసుకున్నప్పుడు, నాకు నసావు గుర్తుకొచ్చింది. షరతులు లేని సహాయం ఉండదు. ఉండవలసిన షరతులు ఆయుధాలను ఎలా వాడారు, డబ్బు ఎక్కడికి పోయింది అన్నవాటిమీద ఉండాలి గాని, భూమి కింద ఏముంది అన్నదానిమీద కాదు.

ఇక ఇచ్చేవారి ద్వంద్వ నీతి. 2003లో ఇరాక్‌మీద తానే దండెత్తిన దేశం, గాజామీద బాంబులు వేస్తున్న దేశానికి ఆయుధాలిచ్చే దేశం, ఉక్రెయిన్ విషయంలో నియమావళిని చదివితే ఎలా నమ్మాలని దక్షిణ ప్రపంచంలో చాలామంది అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. దానికి సరైన పర్యవసానం గాజాకు కూడా అదే న్యాయం కావాలని అడగడం. ఖార్కివ్‌కు కూడా అది లేకుండా చేయడం కాదు. ఇచ్చేవాడి చేతులు మురికివైనంత మాత్రాన పుచ్చుకునేవాడి హక్కు తగ్గదు.

చివరగా ఆ అమ్మాయి ప్రశ్న. మన దేశం ఎందుకు దూరంగా ఉంది? సైన్యం వాడే సామగ్రిలో పెద్ద భాగం రష్యా నుంచి వచ్చినదే, విడిభాగాలకు వారిమీదే ఆధారం. 1971లో భద్రతా మండలిలో, నాటి సోవియట్ యూనియన్‌గా, మనకోసం వీటో వేసినవారు వారే. యుద్ధానికి ముందు మన ముడి చమురు దిగుమతుల్లో రెండు శాతం చుట్టుపక్కల ఉన్న రష్యా వాటా తర్వాత మూడోవంతు దాటింది. ఇవన్నీ నిజమైన కారణాలు. ప్రధాని 2022 సెప్టెంబరులో సమర్‌ఖండ్‌లో పుతిన్ ఎదుట ఇది యుద్ధ యుగం కాదన్నారు; 2024 ఆగస్టులో కీవ్ వెళ్ళారు. వాటిని తక్కువ చేయను. కాని ప్రయోజనం కోసం తీసుకున్న నిర్ణయాన్ని ప్రయోజనం అనే చెప్పాలి, శాంతి విధానం అని చెప్పరాదు. ఆ దూరం మనల్ని యుద్ధం నుంచి కాపాడనూ లేదు. తొలి వారంలోనే ఖార్కివ్‌లో, తిండి సామాన్ల వరుసలో నిలబడ్డ కర్ణాటక విద్యార్థి చనిపోయాడు. ఉద్యోగమని నమ్మించి తీసుకుపోతే రష్యా సైన్యంలో చేరి ప్రాణం పోగొట్టుకున్నవారిలో హైదరాబాదు యువకుడు ఉన్నాడు. పొద్దుతిరుగుడు నూనె ధర మన వంటింట్లోకి వచ్చింది. 2025 ఆగస్టులో రష్యా చమురు పేరుతో అమెరికా వేసిన అదనపు సుంకం భీమవరం, కైకలూరు రొయ్యల చెరువుల గట్టుమీదికి వచ్చింది.

ఆయుధాలు పంపమని మన ప్రభుత్వాన్ని నేను అడగడం లేదు. రష్యా విడిభాగాలమీద బతికే సైన్యం అది చేయలేదు. సర్వసభ్య సమావేశంలో ఆక్రమణను ఆక్రమణ అనడానికి మాత్రం విడిభాగాలు అడ్డు రావు. 1962లో మన పక్షాన ఆ మాట అనమని మన రాయబారులు ఎన్ని దేశాల గడపలు ఎక్కారో, అలీన మిత్రులనుకున్నవారిలో ఎంతమంది మౌనంగా ఉండిపోయారో మన విదేశాంగ శాఖకు తెలియనిది కాదు. ఆ అమ్మాయి ఇప్పుడు జార్జియాలో చదువు ముగిస్తోంది. ఈ ప్రసంగ పాఠాన్ని ఆమెకు కూడా పంపుతానని మాట ఇచ్చాను. మీ ప్రశ్నలు వినడానికి సిద్ధంగా ఉన్నాను.